ఆ పిల్లది ఏ కుటుంబం?

నవంబరు 18

అత్తయ్యకు నమస్కారం.

ఉత్తరం మొదట్లో ఏమని రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. కోర్టు కాగితాల ప్రకారం మీరు నాకు ఏమీ కారు. కానీ ఇన్నేళ్ళు పిలిచిన పిలుపు నోటికి అంటుకుపోయింది. మీకు ఇబ్బందైతే చెప్పండి, మార్చుకుంటాను.

ఫోన్ చేయొచ్చు కదా అని మీరు అనరని తెలుసు. ఉద్యోగం చేసినంత కాలం టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపి, రిటైరయ్యాక ఫోను మోగితే "ఎవరో ఒకళ్ళు ఎత్తండర్రా" అని వంటింట్లోకి పోయే మనిషి మీరు.

అంత చలి ఊళ్ళో నువ్వు చేసే పనేమిటని మీ కార్డులో అడిగారు కదా. మా డ్రైవరు వాగుల్లో వల పట్టి, రాళ్ళ కింద ఉన్నవన్నీ డబ్బాల్లో తెస్తాడు. నేను వాటిని తెల్లటి పళ్ళెంలో పోసి, కుళ్ళిన ఆకుల మధ్యనుంచి పురుగులను పట్టకారుతో ఏరి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది ఏ కుటుంబానిదో రాస్తాను. సంబంధాలు చూసేవాళ్ళ పనిలాంటిదే. కాకపోతే ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పరు.

ఇప్పుడు నా ప్రాణం తోడుతున్నది చలికాలపు చిన్న రాతిఈగ. ఈగగా మారకముందు దాని పిల్ల నీళ్ళలో ఉంటుంది. ఎండాకాలమంతా వాగు అడుగున గులకరాళ్ళ లోతుల్లో ఎవరి కంటా పడకుండా నిద్రపోతుంది. మిగతావన్నీ చలికి ముడుచుకున్నాక ఇది పైకొచ్చి పెరుగుతుంది. గోరంత కూడా ఉండదు, వెనక రెండు తోకలు. దీనికొక దాయాది ఉంది, సూదిఈగ అంటాం. రెంటినీ పక్కపక్కన పెడితే కవలలే. తేడా అంతా పొట్ట పక్కన ఉంటుంది. అక్కడ మెత్తటి చర్మం మడతపడి, వీపు పెంకునూ కడుపు పెంకునూ విడదీస్తుంది. సూదిఈగలో ఆ మడత ఏడో ఖండం దాటదు. దీనిలో తొమ్మిదో ఖండం దాకా పోతుంది. సూదిఈగ ఒళ్ళు మొదటినుంచి చివరిదాకా ఒకటే లావు, దీని పొట్ట వెనక్కి వెళ్ళేకొద్దీ కాస్త వెడల్పవుతుంది. చెప్పడం తేలిక. లేత పిల్లల్లో ఆ మడత ఉందో, మనం ఉందనుకుంటున్నామో తెలియదు.

ఇంత పట్టిపట్టి చూడడం ఎందుకంటే, పై వాగు పక్కన రాళ్ళ క్వారీ పెడతామంటున్నారు. రాళ్ళు కడిగిన బురద వాగులో కలుస్తుంది. ఈ చిన్న రాతిఈగ బురద నీళ్ళలో బతకదు, అది ఆ వాగులో ఉందని తేలితే చట్టప్రకారం కలపడానికి వీల్లేదు. పాత రిపోర్టులన్నిటిలో సూదిఈగలే అని ఉంది. మా ఆఫీసు పెద్దాయన రాసినవే. నాకెందుకో అనుమానం.

నా గది ఇస్త్రీ దుకాణం మీద. పగలు నేల వెచ్చగా ఉంటుంది, మెట్ల మీద ఆవిరి వాసన. వాళ్ళు దుకాణం కట్టేశాక చప్పుడు ఉండదు. చప్పుడు కోసం నేనే గిన్నెలు కొంచెం గట్టిగా తోముతాను.

మీ మోకాలు ఎలా ఉంది?

ఇట్లు,
మీ కోడలు (ఈ మాట కొట్టేద్దామనుకుని, వదిలేశాను)


డిసెంబరు 9

అత్తయ్యకు,

మంచుకి రోడ్డు మూసేశారు. పోయిన ఉత్తరం అందిందో లేదో, టపా బస్సు దారిలోనే ఆగిపోయిందట. అందింది అనుకునే రాస్తున్నాను.

అందులో చెప్పిన పిల్లను గదికే తెచ్చేసుకున్నాను. పై వాగు దగ్గర దొరికింది. పెద్దాయన వద్దన్నాడు. "లేనిపోని తలనొప్పి, ఎక్కడిది అక్కడే వదిలెయ్" అన్నాడు. ఆఫీసులో ఉంచితే దాన్ని చూసేవాళ్ళెవరు, ఏ కుటుంబమో తేలేదాకా నా దగ్గరే ఉంటుందని చెప్పి తెచ్చాను.

చాలా సన్నగా ఉంది. మొదట్లో దీపం వేస్తే చాలు, మూలకి పోయి ముడుచుకునేది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ఏం పెట్టినా అంచులు కొరికి వదిలేస్తోంది, రోజూ చూసి పెట్టాలి. చలి దానికి లెక్కే లేదు, వెచ్చగా ఉంటేనే పడదు. అందుకని కిటికీ పక్కన ఉంచి, నా మంచం కూడా అక్కడికే జరుపుకున్నాను. పొద్దున్న లేవగానే చూసేది దాని మొహమే. మాట్లాడుతున్నాను కూడా. నవ్వకండి. ఆఫీసులో "సరేనండి", దుకాణంలో "ఎంతండి" తప్ప నోరు తెరవని రోజులు ఉంటున్నాయి.

ఎవరైనా తలుపు తడతారేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఎవరు తడతారు?

మీ కోడలు


డిసెంబరు 21

అమ్మాయికి దీవెనలు.

డిసెంబరు ఉత్తరం అందింది. దాని ముందుది రాలేదు. ఏ గుంటలో ఉందో.

నువ్వు రాసిన సంగతి మూడుసార్లు చదివాను. దాని గురించి ఎక్కువ రాయను. ఇలాంటివి నలుగురి చేతులూ దాటే కాగితం మీద పెట్టకూడదు. లైన్ల మధ్య ఎన్ని చెవులుంటాయో ఎక్స్చేంజిలో పనిచేసినదాన్ని, నాకు తెలియదా. నువ్వు చేసిన పని తప్పని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు. అంతే.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. కిటికీ పక్కన పడక వద్దు. చలి లెక్కలేదని నువ్వు అనుకుంటావు, అది లోపల కూర్చుంటుంది. ఛాతీ మీద ఉన్ని ఉండాలి. తిండి సహించకపోతే మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. స్వెట్టరు మొదలుపెట్టాను, వారంలో పార్సెల్ కడతాను. కొలత తెలియక అందాజుగా వేశాను. పొట్టయితే చెప్పు, అంచు పెంచుతాను.

నువ్వు అడగలేదు గానీ, మోకాలు దాని ఇష్టమొచ్చినట్టు ఉంది. కింద వాటా ఆవిడ "ఒంటరిగా ఎలా ఉంటారండీ" అని వచ్చినప్పుడల్లా అడుగుతుంది. అడగడానికే వస్తుంది.

ఇక్కడా ఒక సంగతి ఉంది. నేనే చెప్పాలి. ఇంకా నోరు రావడం లేదు.

అత్తయ్య


జనవరి 6

అత్తయ్యగారికి,

పార్సెల్ వచ్చింది. రెండు పార్సెళ్ళు ఒకేసారి కట్టినట్టున్నారు, చిరునామాలు తారుమారయ్యాయి. నా స్వెట్టరు అక్కడికి వెళ్ళి ఉంటుంది.

ఇది విప్పి నా రెండు అరచేతులూ వేళ్ళు చాచి పక్కపక్కన పెట్టాను. వాటిలో సరిపోయింది. మీకు నోరు రాని సంగతి ఏమిటో అప్పుడు అర్థమైంది. మీరు మొహమాటపడాల్సింది ఏమీ లేదు. మీ అబ్బాయి మళ్ళీ పెళ్ళి చేసుకున్నారని తెలిసినప్పుడే దీనికీ సిద్ధపడాల్సింది.

మొదటిసారి నాకు ఐదో నెల నడుస్తుండగా మీరు ఇదే అల్లిక మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ ఉన్ని ఏం చేశారో నేను అడగలేదు. రెండోసారి మీరు అసలు మొదలుపెట్టలేదు. అదీ గమనించాను.

స్వెట్టరు తిరుగు టపాలో పంపుతున్నాను. వాళ్ళిద్దరికీ నా శుభాకాంక్షలు చెప్పండి. చెప్పడం కుదరకపోతే వద్దు. ఇకమీదట నాకు రాయడం మీకు కత్తి మీద సామే. ఆగిపోయినా ఏమీ అనుకోను.

ఇక్కడ అన్నీ మామూలే.


జనవరి 15

అమ్మాయీ,

నీకెవరు చెప్పారు? నేను ఎవరితోనూ అనలేదు. కింద వాటా ఆవిడకి కూడా తెలియదు, అంటే ఊళ్ళో ఎవరికీ తెలియనట్టే.

నిజమే. వాడి భార్యకి మార్చిలో పురుడు. వాడు చెప్పినప్పుడు "సంతోషం రా" అన్నాను. పెట్టేశాక ఫోను పక్కనే నిలబడిపోయాను. సంతోషం అబద్ధం కాదు. కానీ ముందు నీ మొహమే గుర్తొచ్చింది. కోర్టు వరండాలో మనిద్దరం ఒక బల్ల మీద, వాడు వేరే బల్ల మీద కూర్చున్న రోజు నీ మొహం ఎలా ఉందో, అలాగే. అందుకే రాయలేకపోయాను.

కానీ స్వెట్టరు మారలేదమ్మా. నేను కట్టింది ఒక్కటే పార్సెల్. దాని మీద నీ పేరు నా చేత్తోనే రాశాను. అది నీ దగ్గరున్న పిల్లకి. గోడ పట్టుకుని నడుస్తోందన్నావు, ఏడాది ఉంటుందనుకుని కుట్లు వేశాను. ఎవరో వాగు దగ్గర వదిలేసి పోయిన బిడ్డని నువ్వు తెచ్చుకున్నావని, మీ పెద్దాయన వద్దన్నా వినలేదని, నేను ఎంత గర్వపడ్డానో నీకు తెలియదు. నువ్వేమో తిప్పి పంపావు. ఏమైంది? పిల్లని ఎవరైనా తీసుకెళ్ళిపోయారా? దానివాళ్ళు వచ్చారా? జ్వరంగానీ వచ్చిందా? వెంటనే రాయి. నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినబుద్ధి కావడం లేదు.

అత్తయ్య


జనవరి 16

అమ్మాయీ,

నీ నవంబరు ఉత్తరం ఇవాళ వచ్చింది. సగం తడిసి ఉంది, చదవడానికి వస్తోంది.

పురుగు.

సర్వీసులో ఉండగా ఎవరికీ రాంగ్ నంబరు కలపని దాన్ని. రిటైరయ్యాక కలిపాను. గోరంత కూడా లేని పురుగుకి స్వెట్టరు అల్లాను. మెత్తగా చేసి పెట్టమని సలహా కూడా ఇచ్చాను.

తర్వాత నీ ఆరో తారీఖు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఆ స్వెట్టరు నీ చేతుల్లో పడ్డప్పుడు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. నిన్ను నొప్పించాలని కలలో కూడా అనుకోను. ఇంతకంటే రాయడం చేతకావడం లేదు.

పిలుపు మార్చుకుంటానన్నావు. మార్చమని ఎవరన్నారు?

అత్తయ్య


జనవరి 30

అత్తయ్యకు,

రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. మెట్ల మీదే నిలబడి చదివాను. "పురుగు" దగ్గరికి వచ్చేసరికి పగలబడి నవ్వాను. ఇస్త్రీ దుకాణం ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఆవిడ నన్ను సరిగ్గా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. "ఏమైందమ్మా" అంది. చెప్పబోతే నవ్వు కాస్తా ఏడుపైంది. లోపలికి పిలిచి స్టూలు వేసింది. ఏమీ అడగకుండా బట్టలు మడతపెట్టుకుంది. అక్కడే కూర్చుని అంతా చెప్పాను. మనుషులతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఆ స్వెట్టరు మీరు కావాలనే నాకు పంపారేమోనని ఇంకో అనుమానం కూడా వచ్చింది నాకు. అది రాయలేదు. ఎత్తిపొడుపు అనుకున్నాను. మీరలాంటి మనిషి కాదని తెలిసి కూడా అనుకున్నాను. ఒంటరిగా ఉంటే ఇలాంటివి తొందరగా నమ్మేస్తాం.

ఇక మీ మనవరాలి సంగతి. (స్వెట్టరు అల్లింది మీరే, నేను కాదు.) అది గాజు డబ్బాలో, చల్లటి నీళ్ళలో, కిటికీ పక్కన ఉండేది. నేను పెట్టింది కుళ్ళిన ఆకులు. మడత తొమ్మిదో ఖండం దాకా ఉందని నేను, ఏడు దగ్గరే ఆగిందని పెద్దాయన. లేత పిల్లలో అది తేలదు, అందుకే పెంచాల్సి వచ్చింది. పెరిగేకొద్దీ పొట్ట వెనకభాగం వెడల్పైంది. వీపు మీద రెక్కల తొడుగులు నల్లబడ్డాయి. రెండు వారాల కిందట ఒక పొద్దున చూస్తే డబ్బా అంచు మీద ఖాళీ చర్మం అతుక్కుని ఉంది. పక్కనే నల్లటి ఈగ, చిన్నది, తడిగా.

రెండింటినీ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఆ ఖాళీ చర్మంలో మడత దారంలా తెరుచుకుని ఉంది, తొమ్మిదో ఖండం చివరిదాకా. పెద్దాయన కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "పాత సీసాలన్నీ కిందికి దించమనండి, మళ్ళీ చూద్దాం" అన్నాడు. మళ్ళీ చూశాం. నేను ఏరినవి ఆయన, ఆయన ఏరినవి నేను. లేతవాటిని పక్కన పెట్టాం. మిగిలినవాటిలో సగానికి పైగా ఇవే. రిపోర్టు మార్చి ఇద్దరం సంతకం పెట్టాం. క్వారీవాళ్ళు ఇంకో చోటు చూసుకుంటామన్నారు.

సంతోషించాల్సిన రోజు. ఈగను వాగు ఒడ్డున మంచు మీద వదిలాను. దీని రెక్కలు పొట్టివి, ఎగరలేదు. నడుచుకుంటూ పోయింది. మగవి పొట్టతో కొమ్మ మీద తడతాయట, ఆడది వింటే తిరిగి తడుతుందట. చలిలో కాసేపు నిలబడి విన్నాను. మనుషుల చెవికి అందేది కాదది. గదికి వస్తే కిటికీ దగ్గర ఖాళీ డబ్బా. కడగడానికి మనసు రాలేదు.

మీ కోడలు


ఫిబ్రవరి 16

అమ్మాయికి,

నీ సంతకంతో వాగు బతికిందంటే ఇక్కడ కూర్చుని మీసం లేని నేను మీసం మెలేశాను. కింద వాటా ఆవిడకి చెప్పాను. "పురుగుల కోసం ఇంత చదువా" అంది. చదువు సంగతి వదిలెయ్యమ్మా, నువ్వు టీ తాగి వెళ్ళు అన్నాను.

వాడు వచ్చి వెళ్ళాడు. వాడి భార్యకి అమ్మ లేదు. పురుటికి నన్ను రమ్మంటున్నాడు, కనీసం ఆరు నెలలు ఉండమంటున్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఎలా ఉంటాను? నువ్వు తిప్పి పంపిన స్వెట్టరు తీసుకెళ్ళడం లేదు. అది ఈ బిడ్డ కోసం అల్లింది కాదు. దీనికి వేరే రంగు ఉన్ని కొన్నాను.

ఒకటి అడగడానికి సిగ్గుగా ఉంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలు వద్దు. ఆ అమ్మాయి నిండు మనిషి, కొత్తగా కాపురానికి వచ్చింది. ఆ ఇంటికి నీ పేరుతో కవరు వస్తే మనసు కష్టపెట్టుకుంటుందేమో. తిరిగొచ్చాక నేనే ముందు రాస్తాను.

చదువుతుంటే నీకు ఎలా ఉంటుందో తెలుసు. రాస్తుంటే నాకూ అలాగే ఉంది.

అత్తయ్య


ఫిబ్రవరి 27

అత్తయ్యకు,

మీరు అడిగింది న్యాయమే. నేనైనా అదే అడిగేదాన్ని. వెళ్ళండి. బరువులు ఎత్తకండి, మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకోండి. ఆవిడ దగ్గర ఉండండి. ఆ గదిలో ఎవరూ లేకపోతే ఎంత భయంగా ఉంటుందో నాకు తెలుసు. నాకు మీరున్నారు.

ఇక్కడ మంచు కరుగుతోంది. వాగులో రాతిఈగలు దాదాపు అయిపోయాయి. గుడ్లు పగిలి, కొత్త పిల్లలు మళ్ళీ రాళ్ళ అడుగుకి వెళ్ళిపోతాయి. చలి వచ్చేదాకా ఎంత వల వేసినా కనపడవు. లేవని కాదు.

ఇస్త్రీ దుకాణం ఆవిడ ఆదివారాలు పిలుస్తోంది. ఒకసారి వెళ్ళాను. ఒకసారి ఒంట్లో బాగాలేదని చెప్పి గదిలోనే ఉండిపోయాను. బాగానే ఉంది నాకు.

ఉంటాను.

మీ కోడలు


ఏప్రిల్ 4

అమ్మాయికి,

ఇది వాడింట్లోంచే రాస్తున్నాను. వద్దన్నది నేనే, రాస్తున్నదీ నేనే. ఎందుకో చెప్తాను.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఈ వార్త నీకు చక్కెర పూసి చెప్పను. పూస్తే నువ్వు కనిపెడతావు.

నొప్పులు మొదలయ్యాక ఆ అమ్మాయిని ఆస్పత్రి గదిలో పడుకోబెట్టారు. వాడు మందులకి వెళ్ళాడు. నా చెయ్యి పట్టుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఆవిడకి రెండుసార్లు పోయిందట కదండీ?"

వాడే చెప్పి ఉంటాడు. అవునన్నాను.

"అప్పుడు పక్కన ఎవరున్నారు?"

"నేనే ఉన్నాను."

"ఇప్పుడు ఎవరున్నారు?"

ఎవరూ లేరనడానికి నోరు రాలేదు. ఉన్నారనడానికి అంతకంటే రాలేదు.

"ఉత్తరాలు రాసేదాన్ని" అన్నాను. "ఈమధ్య మానేశాను."

"ఎందుకు?"

"నువ్వు బాధపడతావని."

నొప్పి వచ్చింది, పళ్ళు బిగపట్టింది. అది తగ్గేదాకా ఆగి, నా వంక చూసి, "నన్ను అడిగారా?" అంది.

అడగలేదు కదమ్మా. వాడినీ అడగలేదు, ఆ అమ్మాయినీ అడగలేదు. నాకు నేనే లైను కట్ చేసి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నీ నుంచి కబురు లేకపోతే సాయంత్రాలు ఎలా గడిచాయో చెప్పను. నీకు ఎలా గడిచాయో నువ్వూ చెప్పవు.

ఇందాక భోజనాల బల్ల దగ్గర ఇది రాస్తుంటే వాడు వచ్చాడు. "చీకట్లో ఏంటమ్మా, ఎవరికి?" అన్నాడు. నీకని చెప్పాను. కాసేపు కుర్చీ వెనక నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ లైటు వేసి వెళ్ళాడు. వాడి నుంచి అంతకు మించి రాదు. వచ్చినంతవరకు పుచ్చుకున్నాను.

బిడ్డ ఏడుస్తోంది, లేవాలి. ఇక్కడి చిరునామా కవరు వెనక రాశాను. ఈ ఇంటికే రాయి. పంపినవారి చోట నీ పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాయి. తలుపు దగ్గర ఎవరు అందుకున్నా ఫర్వాలేదు.

అత్తయ్య